అర్ధరాత్రి పాట తర్వాత

ఫిలిప్పీ పట్టణ చెరసాలలో క్రైస్తవ బోధకులు పౌలు, సీల అర్ధరాత్రి పాడిన సంగతి గుర్తుచేస్తూ, కష్టంలోనూ దేవుణ్ణి స్తుతించాలని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. బాగుంది. కానీ కథను సగంలోనే ఆపేశారనిపించింది. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో నన్ను కదిలించేది ఆ పాట వేళ చెరసాలను కుదిపిన భూకంపం కాదు, ఆ తర్వాత జరిగినదే. తలుపులు తెరుచుకున్నా వాళ్లు కదల్లేదు. ఖైదీలు పారిపోయారనుకొని కత్తి దూసి చావబోయిన చెరసాల అధికారిని, అందరం ఇక్కడే ఉన్నామని పౌలు కేక వేసి ఆపాడు. తమ కాళ్లకు కొయ్య బొండ వేసి బిగించినవాడే అతడు! ఆ రాత్రే అతడు వాళ్ల గాయాలు కడిగి, ఇంటికి తీసుకువెళ్లి భోజనం పెట్టాడు.

రెండేళ్ల కిందట మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న 17 రోజులూ నా నోట పాట రాలేదు. నిజం చెప్పాలంటే దేవుడి మీద కోపమే వచ్చింది. పక్క మంచం మీది పెద్దావిడ మాత్రం, కాలికి కట్టుతోనే, తెల్లవారుజామున సన్నగా పాడుకునేవారు. ఒక మధ్యాహ్నం నేను తినలేదని గమనించి, తన కోసం వచ్చిన క్యారేజీ పైగిన్నె తీసి నా ముందుకు జరిపారు. పెరుగన్నం, అంచున నిమ్మకాయ ఊరగాయ ముక్క. ప్రసంగమేమీ చేయలేదు. "ముందు తినమ్మా, ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు" అన్నారు.

ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి నుంచి రెండు క్యారేజీలు అదే వార్డుకు వెళ్తున్నాయి. పాడటం మాత్రం నాకు ఇంకా సరిగా రాదు.