ఆ ఆకుపచ్చ పట్టీ గురించి ఇంకొంచెం

మారిషస్ జెండాలోని రంగుల మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ అడుగున ఉన్న ఆకుపచ్చ పట్టీకి "వ్యవసాయం" అని ఒక్క మాట రాసి వదిలేశారు, అది కొంచెం కష్టమనిపించింది. ఎరుపు స్వాతంత్ర్య పోరాటం, నీలం హిందూ మహాసముద్రం, పసుపు స్వేచ్ఛ తెచ్చిన వెలుగు, సరే. ఆ పచ్చదనం మాత్రం చెరకు తోటలది. ఆ తోటల్లో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళారు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు. రేవు పేరే మనుషుల పేరైపోయింది!

ఇంకోటి. బ్రిటిష్ వాళ్ళు 1906లో ఇచ్చిన రాజచిహ్నంలో ఒక పక్క డోడో పక్షి, ఇంకో పక్క సాంబార్ జింక, వాటి ముందు చెరకు గడలు ఉంటాయి. జెండాలో ఇవేవీ లేవు, నాలుగు సమానమైన అడ్డపట్టీలే. నాకు అదే చాలా నచ్చుతుంది. హిందువులు, ముస్లింలు, ఆఫ్రికా మూలాలున్న క్రియోల్‌లు, చైనా నుంచి వచ్చినవాళ్ళు కలిసి బతికే చోట ఏ ఒక్కరి గుర్తూ దాని మీద పెట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చిన 1968 మార్చి 12న, రాజధాని పోర్ట్ లూయిస్‌లో బ్రిటిష్ జెండా యూనియన్ జాక్‌ని దించి దీన్ని ఎగరేసినప్పుడు, చూస్తున్న జనంలో ఆ కోరంగీల మనవలు కూడా ఉండే ఉంటారు.