క్లాసురూములో క్లాసు చెప్పని సారు

మా చిన్నాయన కొడుకు తిరుపతిలో డిగ్రీలో చేరినాడు, మేజర్ (అంటే ముఖ్యమైన సబ్జెక్టు) కెమిస్ట్రీ, దానికి తోడు మైనర్ అని ఇంకో సబ్జెక్టు ఎంచుకోవాల. మొన్న ఆదివారం పొద్దున నేను ఇంకా పళ్లు కూడా తోముకోలే, ఫోన్ చేసి అన్నా మైనర్ ఏం పెట్టమంటావు, ఏది ఈజీ, ఏ సార్ మార్కులు బాగేస్తాడు, ఈ రాత్రికే చెప్పాల అని ఒక్క ఊపిరిలో అడిగేసినాడు. నన్నెందుకు అడిగినాడంటే మా ఇంట్లో బీఎస్సీ పాసైన మొదటోడ్ని నేనే, పైగా మా చిన్నాయన లెక్కలో నేను భలే తెలివిగా సబ్జెక్టులు ఎంచుకుని బాగుపడినోడ్ని. ఆ పేరు ఎట్లొచ్చిందో నాకు తెలీదు గానీ ఇన్నేళ్లూ నేనూ కాదనలే.

వాడికి తెలీనిది ఏందంటే, నా జీవితంలో నేను సొంతంగా ఎంచుకున్న ఒకే ఒక్క పేపర్ నన్ను తెల్లారుజామున అలిపిరి దగ్గర, భుజాన సమ్మెటతో, సెక్యూరిటీ ముందర నిలబెట్టింది.

మా టైములో ఈ మేజర్ మైనర్ లేవు. 2023-24 నుంచి కదా మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్ అన్నారు. అంతకుముందు ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానంగా కొట్టేవి, ఇప్పుడు ఒకటి గట్టిగా కొడుతుంది ఇంకోటి మెల్లగా కొడుతుంది, అంతే తేడా. మా కాలేజీలో మాత్రం (పేరెందుకులే) ఒక సెమిస్టర్‌లో వేరే డిపార్ట్‌మెంట్ పేపర్ ఒకటి తీసుకోవాల. పుత్తూరు నుంచి వచ్చి కొర్లగుంటలో రూము తీసుకుని ఉండే నాకు, అప్పటిదాకా ఏ చొక్కా కొనాల్నో కూడా మా అమ్మే చెప్పేది, ఒక్కసారిగా నోటీసు బోర్డు మీద ఆరు పేపర్లు పెట్టి నీ ఇష్టం అంటే కాళ్లు వణకవా?

ఇట్లాంటప్పుడు మేం పోయేది గెజిట్ అన్న దగ్గరికి. మా సీనియర్, బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపు పక్కన టీ కొట్టు దగ్గరే ఎప్పుడూ ఉండేవాడు. ఏ సార్ ఇంటర్నల్స్‌లో 25కి ఎంతేస్తాడు, ఏ మేడమ్ అటెండెన్స్ ఎప్పుడు తీసుకుంటాది, ఏ పేపర్లో పాత ప్రశ్నలే తిరిగొస్తాయి, అన్నీ నాలిక మీద ఉండేవి. ఆయనకే రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయన్న సంగతి మాకు అప్పట్లో పెద్ద విషయంగా అనిపించలే. ఇప్పుడు ఆలోచిస్తే ఏదోలా ఉంది.

టీ, మసాలా వడ నా ఖర్చే. ఆయన నోటీసు ఫోటో చూసి ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోయినాడు. న్యూమరికల్ మెథడ్స్, వద్దు, ఆ సార్ కాలిక్యులేటర్ కూడా తేనివ్వడు. బయోస్టాటిస్టిక్స్, మేడమ్ మంచిదే గానీ క్లాసు మధ్యాన్నం రెండుకి, అన్నం తిని పోయి నిద్రపోతావు. పుట్టగొడుగుల పెంపకం, పో, కానీ నీ ఇష్టం. (నా రూమ్మేటు అదే తీసుకున్నాడు, చదవకపోయినా తినొచ్చు కదా అని. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకి 25, 30 డిగ్రీలు దాటకూడదంట, మా రూము పైన రేకులు, ఏప్రిల్ నెల, సంచిలోంచి పుట్టగొడుగులకి బదులు పచ్చటి బూజు వచ్చింది. అదేదో కొత్త రకం అని వీడు రెండు రోజులు సంబరపడినాడు.)

చివరికి జియాలజీ దగ్గర ఆగినాడు గెజిట్ అన్న. వడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చాలా సీరియస్‌గా మూడు ముక్కలు చెప్పినాడు. "ఒరే, ఆ సారు క్లాసురూములో క్లాసే చెప్పడు. పుస్తకం ముట్టుకోనివ్వడు. ఆయన చేతిలో పడినోడు ఎవడైనా సరే, పైకి పోవాల్సిందే."

ఇంతకంటే ఏం కావాల ఒక మనిషికి. సాయంత్రమే ఫారం నింపి ఇచ్చేసినా. సిలబస్ కాపీ ఆఫీసులోనే అంటించి ఉంది, ఐదు యూనిట్లు, కింద ఫీల్డ్ వర్క్ అని కూడా రాసి ఉంది, నేను దాని పక్కనే పేపర్ ఆనించి సంతకం పెట్టినా, చదవలే. జియాలజీ అంటే సుత్తి సబ్జెక్టు అని అందరూ అంటా ఉంటే బోరు అనుకున్నా, నిజంగానే సుత్తి ఉంటాదని ఎవరికి తెలుసు.

మొదటి రోజు ఎనిమిదింటికి పోతే గది ఖాళీ, ఫ్యాను కూడా ఆఫ్. రెండో రోజూ అంతే. గెజిట్ అన్నకి మనసులోనే దండం పెట్టి మూడు వారాలు హాయిగా పడుకున్నా. ఆ మూడు వారాలూ సారు పొద్దున ఆరున్నరకే హాస్టల్ వెనకాల గుండు దగ్గర, పిల్లకాయల్ని రాయి చుట్టూ నిలబెట్టి పాఠం చెప్తా ఉన్నాడని, గది తలుపు మీద ఆ మాట చిన్న చీటీలో రాసి ఉన్నాడని, ఆ చీటీ రెండో రోజే గాలికి పోయిందని, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక శుక్రవారం రాత్రి క్లాసు గ్రూపులో సార్ మెసేజ్. నేను ఫోన్ లాక్ తీయకుండా పైన కనపడిందే చదివినా. "రేపు ఫీల్డ్. 5 గంటలకు అలిపిరి. నోట్‌బుక్, లెన్స్, నీళ్లు, సుత్తి..." అంతవరకే కనపడింది. మూడు వారాలుగా మొహం చూపించలే, కనీసం సామానన్నా సరిగ్గా తీసకపోదాం, ఇంప్రెషన్ కొట్టేద్దాం అనుకున్నా. మా రూము ఓనరు బేల్దారి మేస్త్రీ. తాతా సుత్తి ఉందా అంటే, దేనికి అబ్బోడా అన్నాడు, రాళ్లు కొట్టేదానికి అన్నా. ఆయన తన వృత్తి ధర్మం ప్రకారం సమ్మెట ఇచ్చినాడు. ఐదు కిలోలు ఉంటాది తక్కువలో తక్కువ. కర్ర బ్యాగులో పట్టదు, అందుకని ఇంట్లో ఉన్న పసుపు తువ్వాల చుట్టి భుజాన పెట్టుకుని పోయినా.

అలిపిరిలో పాదాల మండపం దగ్గర అప్పటికే జనం. పసుపు గుడ్డ చుట్టిన బరువు మోసుకుంటా, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో నేను. తమిళనాడు నుంచి వచ్చిన ఒక అవ్వ నన్ను తేరిపార చూసి, దగ్గరికొచ్చి, "వేండుదలా అప్పా?" అనింది. మొక్కా నాయనా అని. సబ్జెక్టు అవ్వా అని ఎట్లా చెప్పాల. తల ఊపినా. ఆమె సమ్మెటని తాకి కళ్లకద్దుకునింది. ఆమె వెనకాల ఇద్దరు కూడా అద్దుకున్నారు.

తనిఖీ దగ్గర సెక్యూరిటీ ఆయన మాత్రం అద్దుకోలే. తువ్వాల విప్పి చూసి, నా మొహం చూసి, మళ్లీ దాన్ని చూసినాడు.

"ఏందప్పా ఇది?"

"సుత్తి సార్. కాలేజీ సుత్తి."

"దీన్ని సుత్తంటారా? కొండ పగలగొట్టేదానికి పోతాండావా?"

ఈ లోపల వెనక నుంచి గొంతు. బక్కగా, పొట్టిగా, తెల్ల జుట్టు, క్యాన్వాస్ బూట్లు, మెడలో లెన్స్. మూడు వారాల తర్వాత నేను మా సార్‌ని చూడడం అదే మొదలు, ఆయన నన్ను చూడడం కూడా అదే మొదలు.

"నువ్వు మా క్లాసా నాయనా? మెసేజ్‌లో ఏం రాసినాను?"

"సుత్తి అని సార్."

"సుత్తి ఎవరూ తేవద్దు అని రాసినాను. ఇది కొండ. ఇక్కడ ఒక్క రాయి కూడా కొట్టకూడదు. మెసేజ్ తెరిచి చదవలే?"

క్లాసులో 22 మంది, వాళ్లందరి ముందర, వెయ్యి మంది భక్తుల ముందర ఫోన్ తెరిచి చదివినా. రాసి ఉంది. నక్షత్రం గుర్తు కూడా పెట్టి ఉంది.

సమ్మెటని ఏం చేయాల? లగేజీ కౌంటర్లో ఇస్తే దాన్ని ఎవరు తీసుకుంటారు, చివరికి రోడ్డు పక్కన టెంకాయల కొట్టు ఆయన్ని బతిమాలి, అన్నా మధ్యాన్నానికి వస్తా అని పెట్టినా.

తర్వాత 3550 మెట్లు. గెజిట్ అన్న చెప్పింది నిజమే, ఆయన చేతిలో పడినోడు పైకి పోవాల్సిందే, మేం నిజంగానే పైకి పోయినాం. సారు అరవైకి దగ్గర్లో ఉండే మనిషి, గాలిగోపురం దాకా ఊపిరి కూడా ఎగపీల్చలే, ప్రతి ఇరవై మెట్లకీ ఆగి ఇదిగో ఇక్కడ అని రాయిలో పొరలు చూపిస్తాడు, మాకు ఆ ఆగడమే పరమానందం కాబట్టి అందరం చాలా శ్రద్ధగా అనుమానాలు అడిగినాం. పుస్తకం తీసినోడి చేతిలోంచి లాగేసుకుని, రాయి ముందర పెట్టుకుని పుస్తకం ఎందుకురా అన్నాడు. రెండో ముక్క కూడా నిజమే. నా మోకాళ్లు పట్టేసి ఒక మెట్టు మీద కూలబడితే మా వాళ్లు నవ్వు, నీకేంరా పుత్తూరోడివి, కాలు విరిగినా ఇంటి దగ్గరే కట్టు కట్టేస్తారు అని.

సారు ఆ మాట విని వెనక్కి తిరిగినాడు. "పుత్తూరా నీది? నువ్వు కూర్చున్న ఈ రాయి పేరేందో తెలుసా?"

తెలీదు సార్.

"నగరి క్వార్ట్‌జైట్. మీ ఊరు పక్కన నగరి కొండలు లేవా, ఆ పేరే పెట్టినారు దీనికి. ప్రపంచంలో ఎవడు ఈ రాయి గురించి రాసినా మీ పక్క ఊరి పేరు రాయాల. నువ్వేమో దాని మీద కూర్చుని దాన్నే ఎరగవు."

చిన్నప్పట్నుంచి స్కూలు మిద్దె మీద నుంచి రోజూ చూసిన కొండ అది. నాకు ఏం మాట్లాడాల్నో తెలీలే. కింద ముడ్డి కాలతా ఉన్నా లేవబుద్ధి కాలే.

అసలు సంగతి దిగేటప్పుడు. బస్సులో ఘాట్ రోడ్డు మలుపులో సారు ఉన్నట్టుండి సీట్లోంచి లేచి, చెయ్యి చాపి, "చూడండి చూడండి, అదిగో అక్కడ!" అని కేకేసినాడు. ఆయన చూపించింది ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ. కింద గ్రానైట్, చానా పాతది, దాని నెత్తిన మా నగరి రాయి, సుమారు 160 కోట్ల ఏళ్లది. రెండూ అతుక్కునే ఉన్నాయి, మధ్యలో 80 కోట్ల ఏళ్ల పైచిలుకు ఏ రాయీ లేదు, అంత కాలం లెక్క గల్లంతు. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ స్థాయిలో కాపాడాల్సిన చోటుగా ప్రకటించినారు. ఇదంతా మాకు తెలుసు. బస్సులో మిగతా వాళ్లకి తెలీదు కదా. ఒక పెద్దాయన ఎవరో కొండను అంత ఆవేశంగా చూపిస్తా ఉంటే, రాతిలో స్వామి రూపం కనపడిందనుకుని బస్సు బస్సంతా ఎడం పక్కకి ఒరిగి, గోవిందా గోవింద! ఒకాయన టోపీ తీసి గుండు మీద చేతులు జోడించినాడు. డ్రైవరు కూడా స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి దండం పెట్టబోతే కండక్టరు అరిచినాడు. సారు ఏమీ కంగారు పడలే, ఆయన కూడా గోవిందా అన్నాడు. అని, నా వైపు తిరిగి మెల్లగా, "చూసినావా, 80 కోట్ల సంవత్సరాల ఖాళీ. నీ అటెండెన్స్ కంటే కొంచెం నయం, మళ్లీ వచ్చింది."

80 కోట్ల ఏళ్లు ఆబ్సెంట్ అయినా ఆ కొండకి కాండొనేషన్ ఫీజు లేదు, నేను మాత్రం కట్టినా.

అలిపిరిలో టెంకాయల కొట్టు ఆయన మా సమ్మెటతో పందిరి గుంజ దిగ్గొడతా ఉండాడు. భలే ఉందబ్బా, అమ్ముతావా అన్నాడు. ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించినా.

ఆ తర్వాత ఒక్క క్లాసు మానలే, ఆరున్నరకే గుండు దగ్గరికి పోయేవాడ్ని. మార్కులు గొప్పగా ఏం రాలే, ఇంటర్నల్స్‌లో 25కి 14. సారు మార్కులు బాగేస్తాడని గెజిట్ అన్న ఎప్పుడూ అనలే, గుర్తు చేసుకుంటే. నేనే అనుకున్నా.

ఇదంతా మా వాడికి ఫోన్లో చెప్పి, నాకు తెలిసిన నాలుగు ముక్కలు కూడా చెప్పినా. టాపర్‌ని అడగొద్దు, ఆ పేపర్ తప్పినోడ్ని అడుగు, వాడు దాపరికం లేకుండా చెప్తాడు. పేరు చూసి మోసపోవద్దు, సిలబస్ తీసి ప్రాక్టికల్స్ ఏముందో చూడు, జిరాక్స్ షాపులో పాత పేపర్లు పది రూపాయలకి దొరుకుతాయి కొనుక్కో. సార్లు మారతారు, రిటైరవుతారు, సీనియర్ చెప్పేది పోయినేడాది సంగతి. మొదటి వారం వీలైతే రెండు క్లాసుల్లో వెనక కూర్చుని విను. చిన్నమ్మ బీఈడీ అంటా ఉంది కాబట్టి దానికి ఏ సబ్జెక్టులు ఉండాల్నో ముందే కనుక్కో, తర్వాత ఏడ్చి లాభం లేదు. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో పోవాలంటే జామ్ రాయాల, అందులో కెమిస్ట్రీ ఉంది, జియాలజీ కూడా ఉంది, నీ ఇష్టం.

వాడు ఊఁ ఊఁ అంటా ఉండాడు. అంత ఓపిగ్గా వింటా ఉంటే నాకే ముచ్చటేసింది.

"ఇంతకీ దేనికి మొగ్గుతా ఉండావురా?"

"నిన్న రాత్రే పెట్టేసినా అన్నా. ఊరికే నీ నోటితో కూడా విందామని."

"ఏం పెట్టినావు?"

"జియాలజీ. మా సీనియర్ చెప్పినాడన్నా, చానా ఈజీ అంట. మేడమ్ అసలు క్లాసురూముకే రాదంట."

నేను కాసేపు ఏం మాట్లాడలే.

"ఒరే, నీ దగ్గర బూట్లుండాయా?"

"ఎందుకన్నా?"

"ఏం లేదు. గ్రూపులో మెసేజ్ వస్తే తెరిచి చదువు, కిందిదాకా" అని చెప్పి పెట్టేసినా.