వెయ్యి పున్నముల ఫ్లెక్సీ

మా ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే కబురు వస్తుంది. నాకు కంప్యూటర్ తెలుసని కాదు. లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారికి అన్నీ తెలుస్తాయని కోనసీమలో ఒక నమ్మకం ఉంది. దాన్ని నేనెప్పుడూ ఖండించలేదు.

అందుకే మా అత్తగారి సహస్ర చంద్ర దర్శనానికి ఫ్లెక్సీ వేయించడం, సంక్రాంతి వీడియో టీవీలో చూపించడం నా వంతుకు వచ్చాయి. వెయ్యి పున్నములు చూసిన మనిషికి ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ అయినా కట్టకపోతే అల్లుళ్లం ఉండి ఎందుకు?

ఫోటోలు తీసింది మా బావమరిది కొడుకు. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చి, అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి తీసి, ఫోనులో ఉన్నవన్నీ నా కంప్యూటర్‌లోకి ఎక్కించి వెళ్లిపోయాడు. తీరా చూస్తే ఒక్క ఫోటో తెరుచుకోదు. ప్రతి పేరు చివరా చుక్క, ఆ పక్కన హెచ్ఈఐసీ. నాకు తెలిసిన ఫోటో అంటే జేపెగ్. 1992లో ప్రమాణంగా వచ్చింది, నా కంప్యూటర్‌కు ఇంచుమించు తోబుట్టువు. ఈ హెచ్ఈఐసీ 2017 నుంచి కొన్ని ఫోన్లలో మామూలైపోయింది. అదే బొమ్మను దాదాపు సగం చోటులో సర్దేస్తుందట. సర్దడం బాగానే ఉంది, ఇవతల మూట విప్పడం వచ్చినవాడు ఉండాలి కదా.

లెక్కల బుర్ర కనుక ఉపాయం తట్టింది. చివర ఉన్న హెచ్ఈఐసీ చెరిపి, జేపెగ్‌కు పొట్టిపేరైన జేపీజీ అని రాశాను. ఇలా మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, మార్చమంటారా అని కంప్యూటర్ అడిగింది. కంప్యూటర్ అడిగిన ఏ ప్రశ్నకూ ఇంతవరకు నేను వద్దని చెప్పలేదు. 214 ఫోటోలు, ఒక పూటంతా కూర్చుని, ఒక్కొక్కటే మార్చాను. ఇదివరకు అవి ఎందుకు తెరుచుకోవడం లేదో పేరు చూస్తే తెలిసేది. ఇప్పుడు ఆ ఆధారం కూడా పోయింది.

మజ్జిగ తెచ్చిన మా ఆవిడ కాసేపు వెనక నిలబడి చూసింది. "ఏమండీ, మాగాయ సీసా మీద చీటీ చింపి ఆవకాయ అని అంటిస్తే లోపలున్నది ఆవకాయ అవుతుందా?" అంది.

సంగతి సరిగ్గా అదేనని తరవాత తెలిసింది. ఫైలు ఏ జాతిదో లోపల మొదటి కొద్ది బైట్లలోనే రాసి ఉంటుంది. పీఎన్‌జీ అనే ఇంకో జాతి బొమ్మ అయితే ఆ మూడక్షరాలూ అక్కడే కనిపిస్తాయి. బొమ్మ తెరిచే ప్రోగ్రాము మూత తీసి వాసన చూస్తుంది, చీటీకి మోసపోదు. నలభై ఏళ్లుగా హార్లిక్స్ సీసాలో ధనియాలు, బిస్కెట్ల డబ్బాలో సూదీదారం చూస్తున్నవాణ్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

అబ్బాయికి ఫోను చేశాను. "మామయ్యా, మన బంధువుల గ్రూపులో పెడతాను, జేపెగ్ అయిపోయి వస్తుంది" అన్నాడు. అయిపోయే వచ్చింది. చిక్కిపోయి కూడా వచ్చింది. డాక్యుమెంటుగా పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుందని ఇప్పుడైతే ఎవరికైనా చెప్పగలను. ఆ ఫోటోలో పద్నాలుగు మంది మనుషులు, ఒక దూడ ఉన్నారు. టాబ్లెట్‌లో దాన్ని వేళ్లతో సాగదీసి, అత్తగారి ముఖం దగ్గర ఆపి, స్క్రీన్‌షాట్ తీశాను. టాబ్లెట్ దాన్ని పీఎన్‌జీగా దాచింది. పీఎన్‌జీ మహా నిజాయితీపరురాలు, చేతికిచ్చినదాంట్లో చుక్క కూడా పోనివ్వదు. నేనిచ్చిందే బొట్టుబిళ్లంత ముఖం. చిరుగుల చొక్కాను ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టినట్టు భద్రపరిచింది.

అమలాపురంలో ఫ్లెక్సీలు వేసే కుర్రవాడు దాన్ని చూసి మొహమాటపడ్డాడు. "పెద్దది చేస్తే పగిలిపోతుందండి మాస్టారూ."

"పగలడానికి అదేమైనా కుండా? వెయ్యండి" అన్నాను.

ఇక వీడియో. మా తోడల్లుడి పెన్‌డ్రైవ్ 32 జీబీది, ముప్పాతిక వంతు ఖాళీ. అయినా ఐదున్నర జీబీ వీడియోను రానివ్వదు. కొట్టులో చోటున్నా బస్తా గుమ్మంలో పట్టనట్టు, ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదట. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మార్చబోతే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అడిగింది. నా అలవాటు చెప్పాను కదా. తోడల్లుడు స్వయంగా పాడి రికార్డు చేసుకున్న భజనలన్నీ పోయాయి. ఊరికి ఇంత మేలు చేసి కూడా నేను ఎవరికీ చెప్పుకోలేదు.

వేడుక రోజు తెల్లవారి ఫ్లెక్సీ కట్టారు. జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి చుక్కల చదరాలుగా కోసి సర్దుతుంది. మామూలుగా ఆ గళ్లు కంటికి ఆనవు. ఎనిమిది అడుగుల మీద ఒక్కో గడీ అరచేయంత. అత్తగారు కర్ర ఊతంగా వచ్చి, కింది నుంచి పైకి నిదానంగా చూసి, "చాలా బాగుందండీ అల్లుడు గారూ. ఎవరిది ఈ గళ్ల లుంగీ?" అన్నారు.

భోజనాలయ్యాక టీవీ పెట్టాను. మాటలు వస్తున్నాయి, బొమ్మ లేదు. ఫ్లెక్సీ కుర్రవాడు పంక్తి నుంచి అప్పుడే లేచి వచ్చాడు. వాడి చేతిలో ఆత్రేయపురం పూతరేకు ఉంది. "వీడియో పేరు చివర ఉన్న ఎంపీ4 అంటే ఈ పైరేకేనండి మాస్టారూ. లోపల పంచదార ఉందో బెల్లం ఉందో రేకు చూస్తే తెలియదు. బొమ్మను సర్దే పద్ధతుల్లో ఈ పాత టీవీకి హెచ్.264 తెలుసు. ఈ వీడియో హెచ్.265లో ఉందండి. మాటల సంగతి వేరు, అవి దానికి తెలిసిన పద్ధతిలోనే ఉన్నాయి" అన్నాడు.

ఆపేద్దామంటే అందరూ వద్దన్నారు. అరవై మంది నల్లటి తెర ముందు కూర్చుని సంక్రాంతిని విన్నారు. కోడి కూసింది. గొబ్బిపాట వినిపించింది. చూడటానికేమీ లేకపోతే చెవులు ఇంత పదునెక్కుతాయని నాకు తెలియదు. ఎక్కడో వెనక విస్తళ్ల దగ్గరి నుంచి నా గొంతు గంటలా మోగింది: "మీ అమ్మగారి గుమ్మడికాయ దప్పళంలో ఇంత బెల్లమేమిటే? పాయసంలా ఉంది."

పందిరంతా నిశ్శబ్దం. అత్తగారు కుర్రవాడి వైపు తిరిగి, "అయితే టీవీకీ, అల్లుడు గారికీ బెల్లం పడదన్నమాట" అన్నారు.

సాయంత్రం కాలవ అవతలి గట్టు మీద గేదెను తోలుకుపోతున్న పిల్లవాడొకడు ఆగి, "బామ్మగారు ఎంత బాగా పడ్డారో!" అని అరిచాడు. వెళ్లి చూస్తే నిజమే. అంత దూరానికి గళ్లన్నీ కలిసిపోయి, అచ్చం అత్తగారు, ముక్కుపుడకతో సహా. మిగిలిన చుట్టాలను వంతెన మీదుగా అవతలికి పంపించి అక్కడి నుంచి చూపించాం.

ఇప్పుడా ఫ్లెక్సీ దొడ్లో కొబ్బరికాయల రాశి మీద కప్పి ఉంది. ఇంట్లోవాళ్లకు లుంగీ. అవతలి గట్టున పోయేవాళ్లు మాత్రం సైకిలు దిగి దణ్ణం పెట్టుకుంటున్నారు.