వగరు అన్న మాట ఇంట్లోనే దొరుకుతుంది

ఈసారి ఉగాది గురువారం వచ్చింది, మార్చి 19న. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేడుక ఎప్పటిలాగే హాలు దొరికిన శనివారానికి పెట్టుకున్నాం. అందులో తప్పేమీ లేదు. ఆ హాల్లో ఏళ్లుగా కుర్చీలు సర్దుతున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే ఆ గురువారం పొద్దున ఇంట్లో పచ్చడి చేశారా అని తెలిసినవాళ్లని అడిగితే చాలామంది "శనివారం ఎలాగూ ఉంది కదా" అన్నారు. ఆ మాట నాకు మనసులో గుచ్చుకుంది.

మా ఇంట్లో ఆరింటికే లేచాం. స్కూలు బస్సు ఏడుంబావుకి. అమ్మ ఫిబ్రవరిలో కరీంనగర్ నుంచి వస్తూ ఎండబెట్టిన వేపపువ్వు కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. మా వైపు ఉగాది పచ్చడి పల్చగా, గ్లాసులో పోసుకుని తాగేలా ఉంటుంది. కొత్త కుండ లేదు కాబట్టి స్టీలు గిన్నెలోనే చింతపండు పులుసు పోసి, మిగతావన్నీ తొమ్మిదేళ్ల మా పాప చేత వేయించింది. ఒక్కొక్కటి వేసినప్పుడల్లా దాని రుచి పేరు చెప్పాలి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు వరకు ఇబ్బంది లేకుండా వచ్చేశాయి. చివర్లో పాప లేత మామిడికాయ ముక్కని తొక్కతో సహా నమిలి నాలుక బయటపెట్టింది.

"అమ్మమ్మా, ఇది పులుపు కాదు. నాలుకంతా పట్టేసినట్టుంది."

"గదే వగరంటే, బిడ్డా."

పాప దానికి ఇంగ్లీషు మాట కోసం కాసేపు వెతుక్కుంది. నన్నడిగింది. డిక్షనరీలో ఒకటుంది కానీ దాని స్కూల్లో ఏ పిల్లా ఆ మాట అనదు. ఇంకో ముక్క తీసుకుని, "వగరు" అని తనకి తనే చెప్పుకుంది.

నిజానికి ఆ మాట పాపకి కొత్తది కాదు. రెండేళ్ల క్రితం మన స్టేజీ మీదే పట్టులంగా కట్టుకుని షడ్రుచుల పేర్లు గడగడా అప్పజెప్పింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన కాగితం చూసి వారం రోజులు బట్టీ పట్టింది. అందరం చప్పట్లు కొట్టాం, వీడియో ఊరికి పంపాం. ఆ రోజు నోటితో పలికిన మాట అర్థమైంది మాత్రం మొన్న గురువారమే, వంటగదిలో.

మా పక్కింట్లో ఒక ఇరానీ కుటుంబం ఉంటుంది. వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్, సూర్యుడు భూమధ్యరేఖని దాటే క్షణాన మొదలవుతుంది. అది పగలైనా అర్ధరాత్రైనా సరే, ఇంటిల్లిపాదీ ఆ క్షణానికి హఫ్త్‌సీన్ అనే ఏడు వస్తువుల బల్ల చుట్టూ చేరాలి. 2025లో ఆ క్షణం మన సెంట్రల్ టైములో తెల్లవారుజామున నాలుగు గంటల ఒక నిమిషానికి పడింది. అది కూడా గురువారమే. పిల్లలని నిద్ర లేపి కూర్చోబెట్టారు. ఆ పొద్దున్నే మా ఇంటికి స్వీట్లు పట్టుకొచ్చినప్పుడు వాళ్ల చిన్నవాడి కళ్లు ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాయి. తర్వాత వెళ్లి చూశాను. వెల్లుల్లి, యాపిల్, వెనిగర్, సుమాక్, మొలకెత్తిన గోధుమ గడ్డి, ఇలా ఏడు వస్తువులు. ఫార్సీలో అన్నిటి పేర్లూ 'సీన్' అనే అక్షరంతోనే మొదలవ్వాలి. ఆలోచించండి, ఆ పేర్లు ఇంగ్లీషులోకి మార్చేస్తే అక్కడ పండగే ఉండదు! ఆ పిల్లవాడికి విడిగా భాషాభిమానం నూరిపోయక్కర్లేదు, బల్ల మీద పెట్టినవాటి పేర్లు చెబితే చాలు.

యూదుల పాసోవర్ పండగ విందులో ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ నాలుగు ప్రశ్నలు అడగాలి. "మిగతా రాత్రులకీ ఈ రాత్రికీ తేడా ఏమిటి?" అని మొదలవుతాయి. పెద్దవాళ్లు జవాబుగా తమ కథంతా చెబుతారు. వాళ్లు దేశదేశాలు చెదిరిపోయినా, ఊరూరా భాషలు మారినా, ఆ ప్రశ్నలు అడగడం మాత్రం ఆగలేదు. పిల్లలు అక్కడ ప్రేక్షకులు కారు. వాళ్లు నోరు తెరిస్తేనే పెద్దలు కథ ఎత్తుకుంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్ల చరిత్రే ఒకటి కళ్ల ముందుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఒప్పంద కూలీలుగా మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ 'కోరంగీలు' అన్నారు, కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవాళ్లని. చెరకు తోటల్లో రెక్కలు ముక్కలు చేసుకుంటూ వాళ్లు రామభజనలు నిలుపుకున్నారు, పండగలు నిలుపుకున్నారు. ఇవాళ మారిషస్‌లో ఉగాది దేశమంతటికీ సెలవు. బళ్లలో తెలుగు చెబుతారు. మనకి లేనివన్నీ వాళ్లు సాధించుకున్నారు, వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. అయినా ఇళ్లల్లో మాట్లాడేది ఎక్కువగా అక్కడి క్రియోల్ భాషే. అప్పట్లో వెళ్లినవాళ్లకి తిరిగి రావడం తేలిక కాదు, ఊరి నుంచి ఫోను లేదు, అమ్మమ్మ విమానమెక్కి వచ్చే వీలు లేదు. మనకి అవన్నీ ఉన్నాయి. అన్నీ ఉండి ఒక్క తరంలోనే పోగొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటాం?

న్యూజిలాండ్ మావోరీలు తమ భాష చేజారిపోతోందని గుర్తించి 1982లో కోహంగా రెయో బడులు మొదలుపెట్టారు. ఆ మాటకి అర్థం భాషాగూడు. భాష బాగా వచ్చిన నానమ్మలు, తాతయ్యలు ఆ గూళ్లకి ఆధారం. పసిపిల్లలని వాళ్ల దగ్గర వదిలి, రోజంతా మావోరీలోనే ఆడించారు, తినిపించారు. మన ఇళ్లల్లో ఆరు నెలలకి ఒకరు వచ్చి వెళ్లే అమ్మలు, అత్తమ్మలు అలాంటి గూళ్లే కదా. వాళ్లని మనం వంటింట్లోనూ టీవీ ముందూ కూర్చోబెడుతున్నాం. వేడుకకి తీసుకొస్తే ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతున్నాం. ఒక్కసారైనా వాళ్ల చేత పిల్లలకి ఏదైనా చెప్పించామా?

స్టేజీ కార్యక్రమాలు మానేద్దామని నేననడం లేదు. నా బాధంతా బతుకమ్మ గురించి. బతుకమ్మ పాట వినడానికి పుట్టింది కాదు. ఒకరు చరణం ఎత్తుకుంటే చుట్టూ తిరిగేవాళ్లు అందుకోవాలి. చరణం చివర 'ఉయ్యాలో' ఒక్కటి వస్తే చాలు, ఏ పిల్లైనా మొదటి రోజే ఆటలో కలిసిపోతుంది. రెండో రోజుకి సగం మాట, తొమ్మిదో రోజుకి పూర్తి చరణం వస్తాయి. మా అమ్మ తరం మాటలు నేర్చుకున్నది అలాగే. మన హాల్లో ఏం జరుగుతోంది? స్పీకర్లలో రికార్డు పాట, దాని మీద డీజే బీటు. మన నోటికి పనే లేదు. పోయినసారి నా పక్కనే తిరుగుతున్న టీనేజీ అమ్మాయిల్లో ఒక్కరి పెదవులూ కదల్లేదు. తంగేడు, గునుగు దొరక్కపోయినా ఇక్కడి బంతి, చామంతితో పేర్చుకుంటున్నాం, అది సర్దుకుపోయే విషయమే. గొంతుల బదులు స్పీకర్లు పెట్టుకోవడం దగ్గరే నేను సర్దుకోలేకపోతున్నాను.

అందుకే కమిటీకి నా విన్నపం. అక్టోబరులో సద్దుల బతుకమ్మ ఆటలో అరగంట సేపు స్పీకర్లు ఆపండి. ఏ నలుగురు పెద్దవాళ్లో పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లం అందుకుంటాం. తడబడితే తడబడదాం. వచ్చే ఉగాది ఏ రోజు వస్తే సరిగ్గా ఆ రోజే ఇంట్లో పచ్చడి కలపండి. ఇంట్లో చిన్నవాళ్ల చేత అడిగించాల్సిన నాలుగు తెలుగు ప్రశ్నలు నేను రాసిస్తాను: ఈ ఏడాది పేరేమిటి, పచ్చట్లో చేదెందుకు, ఇలాంటివి. మన సంఘం పత్రికలో సగం పేజీ ఇవ్వండి చాలు.

మా అమ్మ ఆగస్టులో వెళ్లిపోతుంది. వెళ్లేలోపు తనకొచ్చిన బతుకమ్మ పాటలన్నీ ఒక నోట్‌బుక్కులో రాసిపెడుతోంది, ఇప్పటికి పదకొండు అయ్యాయి. అక్టోబరులో మీలో ఎవరింట్లో అమ్మగానీ అత్తమ్మగానీ ఉంటారో ఇప్పుడే చెప్పండి. నోట్‌బుక్కు నేను తెస్తాను.