చీటీ కడుతున్నాం, పాడుకోవడమే లేదు

మొన్న డిసెంబరు ఆఖరి ఆదివారం పుస్తకాల అల్మరా దులుపుతుంటే ఒక లావుపాటి నవలలోంచి బిల్లు జారిపడింది. నాలుగేళ్ల కిందట బెజవాడ పుస్తక మహోత్సవంలో కొన్న నవల అది. బిల్లు 41వ పేజీ దగ్గర ఉంది. అంటే ఆ జనవరిలో 41 పేజీలు చదివి, సంక్రాంతికి ఊరెళ్లి, తిరిగొచ్చాక మళ్లీ ముట్టుకోలేదన్నమాట. పక్కనున్నవీ తిరగేశాను. ఇంకో బిల్లు 17వ పేజీ దగ్గర, మరొకటి ముందుమాట కూడా దాటలేదు. ఆ అరలో అరవైకి పైగా పుస్తకాలుంటే, పూర్తిగా చదివినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పదిమందిలో చదువరినని చెప్పుకుని తిరిగే నా సంగతి ఇది.

అందుకే ఈ ఏడాది నెలకో పుస్తకం ఛాలెంజ్‌లో చేరాను. మీరూ చేరండి. కాకపోతే ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న పద్ధతిలో మాత్రం వద్దు.

ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల వెబ్‌సైటు 2011లో ఇలాంటి ఛాలెంజ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి జనవరి రాగానే ఎవరికి వాళ్లు ఒక అంకె ప్రకటించేయడం అలవాటైంది. ఒకరు 24 అంటే ఇంకొకరు 50. కొన్ని గుంపుల్లో నెలకో షరతు కూడా ఉంటుంది: జనవరిలో నీలం అట్ట పుస్తకం, ఫిబ్రవరిలో ప్రేమకథ. అంకె వెనకబడితే డిసెంబరులో పల్చటి పుస్తకాల కోసం వేట. పిల్లలకు చదివి వినిపించిన బొమ్మల కథలు కూడా లెక్కలో కలిపేసుకున్న పెద్దమనిషి నాకు తెలుసు.

గుంటూరులో ఉండే నా మిత్రుడు దీని మీద మండిపడతాడు. ‘చదవడానికీ పోటీయేనా, పుస్తకమేమన్నా పూటకింత మింగే మందుబిళ్లా’ అంటాడు. మనసు పుట్టినప్పుడు చదవాలి, లేకపోతే మూసెయ్యాలి, అదే రసజ్ఞత అని అతని వాదన. రోజూ చదివేవాళ్లకు ఆ మాట నప్పుతుంది, కాదనను. కానీ నాలాంటివాళ్లకు నాలుగేళ్లుగా ఆ స్వేచ్ఛ పూర్తిగా ఉంది. ఆ స్వేచ్ఛ సంపాదించిపెట్టింది 41వ పేజీ.

నిజానికి ఇదేమంత పెద్ద బరువు కూడా కాదు. 240 పేజీల నవలని 30 రోజులకు పంచితే రోజుకు 8 పేజీలు. గుంటూరు నుంచి బెజవాడ ఉద్యోగానికి రోజూ రైల్లో తిరిగేవాళ్లకు మంగళగిరి దాటేలోపే ఆ రోజు కోటా అయిపోతుంది. టైము దొరకడం లేదన్న మాట నేనూ ఏళ్ల తరబడి అన్నదే, అబద్ధమని తెలిసే.

ఇదంతా ఇంగ్లీషువాళ్ల ఫ్యాషనని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఒకసారి తెల్లవారుజామున లేచి దగ్గర్లోని వైష్ణవాలయానికి వెళ్లి రమ్మంటాను. ఇప్పుడు నడుస్తున్నది ధనుర్మాసం. తిరుప్పావైలో 30 పాశురాలు, రోజుకొకటి. డిసెంబరు 16నో 17నో మొదలుపెట్టి భోగి నాటికి ముగిస్తారు. జనవరి 1న మనం తీర్మానాలు రాసుకునేసరికి అక్కడ సగం పుస్తకం అయిపోయి ఉంటుంది. కార్తీక పురాణం కూడా అంతే, 30 అధ్యాయాలు, 30 రోజులు. భాగవతాన్ని ఏడు రోజుల్లో చెబితే దాని పేరే సప్తాహం. ఇన్ని రోజుల్లో ఇంత చదవాలని ముందే లెక్క కట్టుకుని కూర్చోవడాన్ని మనవాళ్లు పారాయణం అన్నారు. పేజీలు లెక్కపెడితే రసం పోతుందని ఆ పారాయణాలు చేసిన ముసలమ్మలెవరూ అనలేదు.

మా నాయనమ్మ తెనాలి దగ్గర పల్లెలో అరుగు మీద కూర్చుని కార్తీక పురాణం చదివేది. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు వచ్చి, ఒళ్లో పత్తి పెట్టుకుని వత్తులు చేసుకుంటూ వినేవాళ్లు. ఒక ఏడాది ఆమెకు జ్వరం పట్టుకుంది. గొంతు పూడుకుపోయి మాట రావడం లేదు. అయినా దుప్పటి కప్పుకుని వచ్చి ఆ రోజు అధ్యాయం చదివే లేచింది. దేవుడికి భయపడి చదివిందని చాలాకాలం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, వత్తులు చేసుకుంటూ అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు కాబట్టి చదివింది. అవతల ఒకరు ఎదురుచూస్తుంటేనే పుస్తకం పూర్తవుతుంది. వారపత్రికల సీరియళ్ల రోజుల్లోనూ జరిగింది ఇదే. పత్రిక రాగానే అమ్మ గబగబా చదివేది, ఎందుకంటే పక్కింటి పిన్నిగారు అప్పటికే గుమ్మంలో ఉండేది.

ఎగ్జిబిషన్లో కొన్న పుస్తకానికి ఆ ఎదురుచూసే మనిషి లేరు. అది నాది. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. పుస్తక మహోత్సవం మీద నాకు కోపమేమీ లేదు. 1989లో మొదలైన ఆ పండగ స్వరాజ్య మైదానంలో ఉన్నప్పుడూ వెళ్లాను, చోటు మారాకా వెళ్తున్నాను. కానీ ‘చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో’ అని కందుకూరి మాటగా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అందులో కొనుక్కోమనే ఉంది చూశారా. మనం ఆ మాటను అక్షరాలా పాటించాం.

మేం చేరిన ఛాలెంజ్ ఒక చీటీ. బెజవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్‌లో 12 ఫ్లాట్లు. ఇంటికొకరు చేరారు. ప్రతివాళ్లూ తమ అల్మరాలోంచి ఒక పుస్తకం తీసి పెట్టాలి, కొత్తది కొనకూడదు. నెలాఖరు ఆదివారం ఎవరి చేతిలో ఉన్న పుస్తకం వాళ్లు పై ఇంటికి అందించాలి, ఆఖరి ఫ్లాటు నుంచి మళ్లీ మొదటి ఫ్లాటుకి. 12 నెలలు తిరిగేసరికి ఒక్క పుస్తకం పెట్టిన మనిషి 12 చదువుతాడు. పూర్తి చేయకుండా అట్టిపెట్టుకుంటే పై ఇంటివాళ్లకు ఆ నెల పుస్తకం ఉండదు. చీటీ డబ్బులు ఎగ్గొట్టినవాడి మొహం ఎలా ఉంటుందో లిఫ్టులో మన మొహమూ అలాగే ఉంటుంది. యాప్‌లో అంకె వెనకబడితే ఇలాంటి సిగ్గేమీ ఉండదు.

మొదట్లో కొందరు వెనకాడారు. పుస్తకం చేయి దాటితే గోవిందా అన్నారు. ‘పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః’ అని మనకో శ్లోకం ఉంది కదా. (అందులో వనితను కలిపిన మహానుభావుడి సంగతి మరో రోజు మాట్లాడుకుందాం.) ఆ శ్లోకాన్ని నమ్మి ఉంటే బెజవాడకు గ్రంథాలయాల ఊరన్న పేరే ఉండేది కాదు. పరహస్తంలో పెట్టడానికే పుస్తకం అని వందేళ్ల కిందట పంతం పట్టింది ఈ ఊరే. గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కైన అయ్యంకి వెంకటరమణయ్య పనిచేసిన రామమోహన గ్రంథాలయం ఇక్కడే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ ఇక్కడే. 1935లో కృష్ణ అవతలి ఒడ్డున, గుంటూరు జిల్లా పెదపాలెంలో, పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించారు. కాలువ వెంట ఊరూరా ఆగుతూ వెళ్లేది ఆ పడవ గ్రంథాలయం. తీసుకున్న పుస్తకం మళ్లీ పడవ వచ్చేసరికి తిరిగి ఇవ్వాలి కదా. అంతకు మించిన రీడింగ్ ఛాలెంజ్ ఏముంటుంది?

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. మా 12 ఇళ్ల చీటీ కొత్తదేమీ కాదు. ఊరంతటికీ కలిపి ఒక పెద్ద చీటీ ఎప్పుడో పెట్టారు, మనం ఇప్పటికీ కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఏడాదికి 5 వేలు పన్ను కట్టే ఫ్లాటు నుంచి 400 రూపాయలు. మా 12 ఫ్లాట్లకూ ఆ లెక్కనే వేస్తే 4,800. పుస్తకం 200 అనుకున్నా, ఒక్క అపార్ట్‌మెంట్ సొమ్ముతో ఏటా 24 కొత్త పుస్తకాలు కొనొచ్చు. సత్యనారాయణపురంలో ఎన్ని అపార్ట్‌మెంట్లున్నాయో మీరే ఊహించుకోండి. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సకాలంలో జమ చేయకపోవడం, బకాయిలు పేరుకుపోవడం ఏళ్ల తరబడి నలుగుతున్న సంగతే. ఏ ప్రభుత్వమొచ్చినా అంతే. మన దగ్గర వసూలు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

కిందటి వారం ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. హాలు నిండుగా ఉంది. సంతోషించాను కానీ, అందరూ గ్రూప్-2కో డీఎస్సీకో చదువుతున్న పిల్లలు. వాళ్ల ముందున్నవి వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న మెటీరియల్. ఫ్యానూ బల్లా ఉన్నాయని వస్తున్నారు, తప్పేం లేదు. అద్దాల బీరువాలోంచి ఒక కథల సంపుటి తీయించుకుని చివరి అట్ట తిప్పాను. గడువు తేదీల చీటీ అతికించి ఉంది. ఊదారంగు ముద్రలు ఒకదాని కింద ఒకటి, కొన్ని వంకరగా, కొన్ని సిరా చాలక సగం పడినవి. మొదటి వరసల్లో నెలకు రెండేసి ముద్రలు. తర్వాత ఏడాదికొకటి. ఆఖరిది 2009లో. ఆ కింద చీటీ ఖాళీ. కొత్తగా వచ్చినవి ఏమున్నాయని అడిగితే అక్కడి ఆయన పాపం నవ్వి ఊరుకున్నాడు.

ఈసారి ఇంటి పన్ను కట్టేటప్పుడు రసీదు మడిచి జేబులో పెట్టుకునే ముందు ఆ సెస్సు అంకె చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో 12 మందిమీ సంతకాలు పెట్టి ఒకే ప్రశ్నతో సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నాం: మా వార్డు నుంచి వసూలైన గ్రంథాలయ సెస్సు ఎంత, దాంతో కొన్న పుస్తకాలు ఎన్ని? ప్రతి కాలనీ నుంచీ ఇలాంటిది ఒకటి వెళ్లాలి.

దరఖాస్తు చిత్తు రాసే పని నాకే అప్పగించారు. ఇంకా సగంలోనే ఉంది. ఈ నెల నా వంతుకు వచ్చిన నవల 96వ పేజీలో ఉంది, మొత్తం 310 పేజీలు. పై ఇంటి రిటైర్డ్ హెడ్‌మాస్టారు తన జనవరి పుస్తకాన్ని తొమ్మిది రోజుల్లో ముగించేశారు. కనిపించినప్పుడల్లా ‘ఏవండీ, ఎందాకా వచ్చింది?’ అంటున్నారు. రెండు రోజులుగా నేను లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నాను.