నాలుగింటి బిస్కెట్టు గారికి

మహారాజశ్రీ గ్లూకోజ్ బిస్కెట్టు గారి సముఖానికి,

విజయవాడ నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా చిట్టి తప్ప. దానికి నిన్న 8 పళ్ళు పీకించాం. ఇంత కార్యం జరిగాక తమరికి కబురు పెట్టకపోతే బాగుండదని ఈ ఉత్తరం.

చిట్టి తమరు ఎరగనిది కాదు. పామేరియన్ అని చెప్పి అమ్మారు, కాదు స్పిట్జ్ అని డాక్టరు గారు తేల్చారు, అది మాత్రం తను మనిషే అనుకుంటుంది. వయసు ఎనిమిదేళ్ళు. రోజూ సాయంత్రం నాలుగింటికి మా నాన్నగారు టీ గ్లాసుతో వరండాలో కూర్చుంటారు. మీ పొట్లం కాగితం చప్పుడైతే చాలు, అది ఏ మంచం కింద ఉన్నా లేచొచ్చి ఆయన మోకాలి మీద గడ్డం ఆనిస్తుంది. ఆయనకొకటి, దానికొకటి. దానిది టీలో ముంచే ఇవ్వాలి, పొడిది ఇస్తే మన మొహం వంక అదోలా చూస్తుంది. ఇది కాక పొద్దున మా ఆవిడ చేతి మీదుగా రెండు. కాలేజీ నుంచి రాగానే అబ్బాయి ఒకటి. రాత్రి అందరూ పడుకున్నాక నేను రెండు. దానికి బిస్కెట్టు పెట్టేది పాపం తామొక్కరే అని నలుగురం ఎవరికి వాళ్ళం అనుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపేశాం.

దాని నోరు వాసన వస్తోందని మా ఆవిడ రెండేళ్ళ నుంచి అంటూనే ఉంది. "కుక్క నోరు కంపు కొట్టక సంపెంగ వాసన వస్తుందా" అని నాన్నగారు కొట్టిపారేశారు. తర్వాత అది ఒక పక్కతోనే నమలడం, మెతుకులు గిన్నె చుట్టూ రాల్చడం మొదలుపెట్టింది. వయసు మీద పడిందిలే అనుకున్నాం. పోయిన ఆదివారం కుడి కంటి కింద ఉసిరికాయంత వాపు తేలింది. కందిరీగ కుట్టిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. పసుపు రాశాం, ఎండుమిరపకాయలు దిగదుడిచాం. మంగళవారానికి వాపు పగిలి చీము కారింది.

డాక్టరు గారు కంటి వంక ఎక్కువసేపు చూడనే లేదు. దాని పై పెదవి ఎత్తి పట్టుకుని "ఇలా రండి, మీరే చూడండి" అన్నారు. చూశాను. వెనకవైపు పెద్ద పన్ను ఉండాల్సిన చోట గోధుమరంగు పెంకు ఉంది. మా బోరు నీళ్ళకు హీటరు చుట్టకు పట్టే సున్నం అచ్చం అలాగే ఉంటుంది. ఇనప పుల్లతో తడితే టక్కుమంది. దాని అంచున చిగురు ఎర్రగా ఉబ్బిపోయి, పుల్ల తగిలీ తగలకముందే నెత్తురు వచ్చింది.

వాపు కంటిది కాదట, పంటిదట. పై దవడలో ఆ పెద్ద పన్నుకు మూడు వేళ్ళు ఉంటాయి, అవి దాదాపు కంటి కింద దాకా పోతాయి, వేరు దగ్గర చీము పడితే కంటి కింద వాపు తేలుతుంది. ఉమ్మి ఊరే గొట్టం తెరుచుకునేది కూడా ఆ పంటి దగ్గరే కాబట్టి గార ముందు అక్కడే పేరుకుంటుంది. పళ్ళ మీద పాచి మెత్తగా ఉన్నప్పుడు గుడ్డతో తుడిచినా పోతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే ఉమ్మిలో ఉన్న లవణాలు దాన్ని రాయి చేసేస్తాయి. ఆ రాయి చిగురు కిందికి దిగితే లోపల ఎముక కరగడం మొదలవుతుంది. మూడేళ్ళు దాటిన కుక్కల్లో చాలావాటికి ఈ చిగుళ్ళ జబ్బు ఎంతో కొంత ఉంటుందని, చిన్న జాతులకు ఇరుకు దవడలో పళ్ళు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి మరీ ఎక్కువని చెప్పారు. చెప్పి, చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"ఏం పెడతారు దీనికి?"

"పెరుగన్నం సార్. ఆదివారం ఆదివారం చికెన్."

"అంతేనా?"

"అంతే సార్."

చూశారా, మీ పేరు బయట పెట్టలేదు. యాభై రెండేళ్ళ వయసులో, ఒక కుక్క ముందు, మీ పరువు కోసం అబద్ధమాడాను.

దానికి ఫలితం నిన్న దక్కింది. రాత్రి నుంచి పస్తు పెట్టి పొద్దున పదింటికి తీసుకెళ్ళాం. నాన్నగారు కూడా వస్తానన్నారు. రక్తపరీక్ష, మత్తు ఇంజెక్షన్, ఎక్స్‌రే. మేమిద్దరం బెంచీ మీద, ఎదురుగా గోడ మీద కుక్క దవడ బొమ్మ. పెద్దయిన కుక్కకు 42 పళ్ళు ఉంటాయని ఆ బొమ్మలోనే మొదటిసారి చదివాను. చిట్టికి 3 ఎప్పుడో రాలిపోయాయట. ఎప్పుడు రాలాయో ఇంట్లో ఒక్కరికీ తెలీదు. నిన్న తీసినవి 8. మిగిలింది 31. మూడింటికి దాన్ని బయటికి తెచ్చి పరుపు మీద పడుకోబెట్టారు. నాలుక ఒక పక్కకి వేలాడుతోంది, కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, పిలిస్తే పలకదు. నాన్నగారు దాని కాలు పట్టుకుని కూర్చున్నారు. మూడు ముప్పావుకు పక్క గదిలో అటెండరు టీ తాగుతూ ఏదో పొట్లం విప్పాడు.

చిటపట.

చెవులు లేచాయి. ఆ తర్వాత తల లేచింది. ఇంకా కాళ్ళు నిలవని జంతువు, నోట్లో ఎనిమిది గుంటలకు కుట్లు ఉన్న జంతువు, తడబడుతూ లేచి ఆ గది వైపు రెండడుగులు వేసి కూలబడింది. డాక్టరు గారు దాన్ని చూసి, నన్ను చూసి, "పెరుగన్నమా?" అన్నారు.

నాన్నగారు ఉండబట్టలేక "టీలో ముంచి ఇస్తామండీ" అన్నారు. "టీ కూడానా!"

ఇక మీరూ తమరూ అనే ఓపిక లేదు. సూటిగా అడుగుతున్నాను, నీకు సిగ్గుందా? కరకరలాడేది నమిలితే పళ్ళు వాటంతటవే శుభ్రపడతాయని ఎనిమిదేళ్ళు నమ్మాను. నీ కరకర ఎంతసేపు? పంటి కొన తగలగానే పొడైపోతావు. చిగురు అంచుకు చేరేది నీ కరకర కాదు, ఉమ్మిలో నానిన నీ పిండి ముద్ద. అది సందుల్లో మైదా జిగురులా అంటుకుని, పాచిలో ఉన్న సూక్ష్మజీవులకు పొద్దస్తమానం అన్నసత్రం నడుపుతుంది. పంటి రాపిడికి నువ్వు చేసే ఉపకారం సున్నా. మా కుక్క టీలో ముంచి తింది కాబట్టి ఆ సున్నా కూడా తీసెయ్.

మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఫోన్‌లో నీ తరఫున వాదించాడు. తోడేళ్ళ కంటే కుక్కలు పిండిపదార్థం బాగా అరిగించుకోగలవని 2013లో జన్యువులు పోల్చి చూసి తేల్చారట. కుక్కలకు మనలాగా పళ్ళు పుచ్చిపోవడం కూడా అరుదేనట. నిజమే, డాక్టరు గారూ అదే అన్నారు, చిట్టికి ఒక్క పన్నూ పుచ్చలేదు. ఎనిమిదీ గట్టి పళ్ళే. పట్టుకోవడానికి ఎముక లేక ఊగుతున్నాయంతే. గోడ కూలిపోయాక తలుపు మంచి టేకుదని మురిసిపోమంటాడు వాడు.

నీ బంధువర్గం సంగతీ తెలిసింది. దుకాణంలో ఎముక ఆకారంలో నీ పెదనాన్న కొడుకు ఒకడున్నాడు, వాడిలో కనీసం పేరుకైనా ఎముక లేదు. చాక్లెట్ పూసుకు తిరిగే మీ చెల్లెలు కుక్కలకు విషమేనట. నువ్వు మానితే దుమ్ములు వేద్దామనుకున్నాను, గట్టి మటన్ దుమ్ము కొరికితే ఇదే పెద్ద పన్ను పలకలా చీలిపోతుందన్నారు. పై అంతస్తు వాళ్ళ కుందేలునూ వదల్లేదు నువ్వు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. వాళ్ళు దానికి నిన్నూ క్యారెట్‌నూ పెట్టి, ఇప్పుడు పళ్ళు అరగదీయించడానికి దాన్ని బుట్టలో పెట్టుకుని తిరుగుతున్నారు.

ఒకటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. మా తాత పొన్నూరు దగ్గర వ్యవసాయం చేసేవాడు. సంతలో ఎద్దును కొనేముందు ధర అడగడానికంటే ముందు, వయసు తేల్చుకోవడానికి దాని నోరు తెరిచేవాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా. ఇప్పటికీ మా జిల్లాలో బండలాగుడు పోటీలకు గిత్తల్ని పళ్ళ లెక్కనే విభాగాల్లో దింపుతారు. అంతటి వంశంలో పుట్టి, నా పక్కలో పడుకునే కుక్క నోరు ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తెరిచి చూడలేదు. తెరిచిందల్లా నీ పొట్లమే.

డాక్టరు గారు న్యాయంగా మాట్లాడే మనిషి. నీ తప్పు సగమే అన్నారు. మిగతా సగం గురించి కూడా చాలాసేపు చెప్పారు గానీ, ఇది నీకు రాస్తున్న ఉత్తరం కాబట్టి ఆ వివరాలు ఇక్కడ అనవసరం. వేలికి తొడుక్కునే బ్రష్షు ఒకటి, చికెన్ రుచి ఉన్న కుక్కల పేస్టు ఒకటి కొన్నాను. మన పేస్టు వాటికి పనికిరాదట, ఉమ్మేయవు కదా. "మాకు బొగ్గూ ఉప్పూ, దీనికి కోడి పేస్టా" అని నాన్నగారు నవ్వారు. అన్నీ కలిపి 14,600 రూపాయలు. నీ పొట్లం ఐదు రూపాయలు.

రాత్రి ఇంటికి రాగానే డబ్బాలో ఉన్న నిన్ను తీసి అటక మీద పడేశాను. ఐదు రోజులు మాత్రలు వేయాలి, పూటకొకటి, మొత్తం 10. మొదటిది మెత్తటి పెరుగన్నంలో పెట్టాను. అన్నమంతా నాకేసి, మాత్రను తళతళా కడిగినట్టు గిన్నె అంచున వదిలింది. బెల్లంలో పెట్టాను, ఉమ్మేసింది. చికెన్ ముద్దలో పెట్టాను, ముద్ద లోపలికీ మాత్ర బయటికీ పోయాయి. నోరు తెరిచి వేద్దామంటే కుట్లు. పదిన్నర దాకా ముగ్గురం నేల మీద కూర్చుని బతిమాలాం. అప్పుడు నాన్నగారు ఏమీ మాట్లాడకుండా చొక్కా జేబులోంచి సగం విరిగిన నిన్ను తీసి, పాలలో నాన్చి, మాత్ర లోపల దాచి అరచేతిలో పెట్టారు. అది ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి, మింగేసింది.

గత్యంతరం లేక అటక ఎక్కాను. మిగిలిన తొమ్మిది మాత్రలకూ తొమ్మిది లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత బిగించాను. పొద్దున రెండో మాత్రకని మూత తీస్తే ఏడే ఉన్నాయి. చిట్టి నిద్రపోతోంది. నాన్నగారూ నిద్రపోతున్నట్టే ఉన్నారు.

ఇంకో రెండు పంపగలరు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు