హైటెక్ సిటీకి ఒక సైరన్ మంజూరు చేయగలరు

వారసత్వ పరిరక్షణ అనగానే మనవాళ్లు గోడలకు సున్నం కొట్టించి చేతులు దులుపుకుంటారు. చెవికి సంబంధించిన వారసత్వం సంగతి ఎవరికీ పట్టదు. హైదరాబాద్‌లో కార్ఖానాల పేటలైన ఆజామాబాద్, సనత్‌నగర్, బాలానగర్ వైపు పెరిగినవాళ్లకు గోడగడియారం అలంకారమే. పొద్దున ఆరుకు కార్ఖానా సైరన్ కూత ఒకటి, మధ్యాహ్నం రెండుకు ఒకటి, రాత్రి పదికి ఇంకోటి. ఎసరు పెట్టడం, పిల్లల జడలు వేయడం, పక్కింటివాళ్లతో తగాదా ఆపడం, అన్నీ దాని లెక్క ప్రకారమే.

చదువూ అక్కడే. లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) షెడ్డు పక్కన పెరిగిన పిల్లకు తలుపు తీయకుండానే లోపల ఏం జరుగుతోందో తెలిసేది. కీచుమని వణుకుతూ మోగిందంటే టూల్ మరీ బయటికి పొడుచుకొచ్చింది, దాన్ని వెనక్కి జరిపి బోల్టులు బిగించాలి. ఆ జ్ఞానానికి ఏ ఇంజినీరింగ్ కాలేజీ సీటూ ఇవ్వలేదు, అది వేరే విషయం.

ఇప్పుడు నగరం పడమటికి జరిగింది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరిచినప్పుడు అన్నీ చూసుకున్నారు, సైరన్ ఒక్కటే మరిచారు. ల్యాప్‌టాప్ మూత చప్పుడు చేయదు. అందుకే డ్యూటీ ఎప్పుడైపోయిందో ఇంట్లోవాళ్లకే కాదు, చేసేవాడికీ తెలియడం లేదు. కనుక ప్రభుత్వం వెంటనే ఒక సైరన్ మంజూరు చేయాలి.

ఖర్చు పెద్దదేం కాదు. ఒక త్రీఫేజ్ మోటారు, దాని ఇరుసుకు కన్నాల చక్రం, చుట్టూ అవే కన్నాలున్న కదలని డబ్బా. కన్నానికి కన్నం ఎదురైనప్పుడల్లా గాలి తన్నుకొస్తుంది. 12 కన్నాల చక్రం నిమిషానికి 2,880 చుట్లు తిరిగితే 576 హెర్ట్జ్‌ల కూత, అంటే సెకనుకు గాలి 576 సార్లు తన్నుకొస్తుంది. స్వరం చక్రం వేగాన్ని బట్టే ఉంటుంది కాబట్టి మీట వేయగానే సన్నగా మొదలై పైకెక్కుతుంది, ఆపాక మూలుగుతూ దిగుతుంది. ఆ మూలుగు వినే రెండో షిఫ్టువాళ్లు సైకిలు మీద కాళ్లు వేగంగా ఆడించేవారు.

చక్రానికీ డబ్బాకూ మధ్య సందు చాలా సన్నం. వానాకాలం తుప్పు పట్టిందా, చక్రం బిగుసుకుపోతుంది. మూత వేసి, బేరింగులకు గ్రీజు పెట్టాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు తిరగదు, ‘ఊఁ’ అని ఒక్కచోటే గునుస్తుంది, కట్టేయకపోతే వైండింగు కాలుతుంది. మన ఊళ్లో అసలు శత్రువు మాత్రం పావురం. సైరన్ కొమ్ములో గూడు కట్టుకుంటే ఆరింటికి కూతకు బదులు ఈకలొస్తాయి. జాలీ బిగించడం తప్పనిసరి.

చట్టం చిక్కు ఒకటుంది. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగలు 65 డెసిబెల్స్ దాటకూడదు. మన హారన్లు, డీజేలు, బరాత్‌లు ఈ హద్దును ఇంత నిష్ఠగా పాటిస్తుంటే సైరన్ ఒక్కటి గీత దాటడం బాగుండదు, మినహాయింపు రాయించుకుందాం.

అభ్యంతరాలు మేనేజర్ల నుంచే వస్తాయి. కూత పడ్డాక ‘ఒక్క అయిదు నిమిషాలు’ అనే మీటింగు సాగదు. పాత కార్ఖానాలో ఆ మీట వాచ్‌మన్ చేతిలో ఉండేది, జనరల్ మేనేజరైనా ఆ కూతకు లోబడవలసిందే.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు వేరే పరికరం అక్కర్లేదు, కుక్కర్ చాలు. మూడో విజిల్‌కు లాగౌట్. వెయిట్ కింద గొట్టంలో మెతుకు ఇరుక్కుంటే విజిల్ రాదు. ఆ రోజు ఓవర్‌టైమే.